రెండున్నర గోల్స్ కొసరు

1974 వేసవి. నేను తిరువూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరి అప్పటికి ఆరేళ్ళయింది. పిల్లల చేత కవాతు చేయించడం నా ఉద్యోగం. సెలవుల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఫుట్‌బాల్ పోటీలకి రిఫరీగా విజిల్ ఊదడం నా పిచ్చి. మొదటిదానికి జీతం వచ్చేది, రెండోదానికి తిట్లు వచ్చేవి. ఎండలో పరిగెత్తి మరీ తిట్లు తినడం ఎందుకని మా ఆవిడ అడిగేది. ఆట బాగా జరిగితే ఆటగాళ్ళు బాగా ఆడారంటారు, చెడితే రిఫరీ చెడగొట్టాడంటారు. నాకు మెప్పు మీద మోజు లేదు గానీ నియమాల మీద మాత్రం ఉండేది. అందుకే ఆ పని నాకు సరిపోయింది.

అప్పట్లో మా వైపు క్రికెట్ రేడియోలో ఉండేది, ఫుట్‌బాల్ నేల మీద ఉండేది. దాన్ని తెచ్చింది చర్చి ఫాదర్లు. చర్చి ఉన్న ఊళ్ళో ఒక బంతి, బంతి ఉన్నచోట ఒక జట్టు. పొలాలున్న రైతుల పిల్లలూ, వాళ్ళ పొలాల్లో కూలికెళ్ళే కుర్రాళ్ళూ ఒకే జట్టులో ఆడేవాళ్ళు. జట్టు మొత్తానికి బూట్లున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. కోతలూ నూర్పిళ్ళూ అయిపోయి అందరికీ తీరిక దొరికేది ఎండాకాలంలోనే కాబట్టి పోటీలు మామిడికాయల రోజుల్లో పడేవి. నేను చెప్పబోయే తగవుకి అదే మూలం.

విస్సన్నపేటలో పుల్లయ్య అని మామిడి వ్యాపారి ఉండేవాడు. తోటల్ని పూత మీదే కొనేసేవాడు. అంటే చెట్టు మీద ఇంకా కాయ లేదు, పూత చూసి కాపు ఎంత నిలుస్తుందో అంచనా వేసి ధర కట్టెయ్యాలి. గాలివాన వచ్చినా, తేనెమంచు పురుగు పట్టినా నష్టం కొన్నవాడిది. రాని కాయకి ధర కట్టడం చేతనైన మనిషి జరగని ఆటకి ధర కట్టకుండా ఉంటాడా? ఆ ఏడు పోటీలు మొదలయ్యేసరికి మా గ్రౌండు పక్కన చింతచెట్టు కింద బుట్టలు పేర్చి కూర్చున్నాడు. ఏం చేస్తున్నావని అడిగాను.

"ఎవరు గెలుస్తారని పందెం పెడితే అందరూ తిరువూరంటారండి మాస్టారూ. పందెం అన్నాక ఎదుటివైపు కూడా మనిషి ఉండాలి కదండీ. అందుకని పెనుగొలనుకి ముందే కొసరు వేసేశాను. వంద కాయలు కొన్నవాడికి పైన రెండు కాయలు వెయ్యమూ? అట్టా అన్నమాట."

"ఎంత కొసరు?"

"రెండున్నర గోల్స్."

"అరగోలు ఎవడు కొడతాడయ్యా? నేనింతవరకు చూడలేదు."

"కొట్టడానికి కాదండి, తగువు రాకుండా. రెండే వేశామనుకోండి, తిరువూరు సరిగ్గా రెండుతో గెలిస్తే లెక్క సమానమైపోద్ది. ఎవడి కాయలు వాడికిచ్చెయ్యాలి, మోత కూలి నాకు దండగ. ఆ అర ఉంటే ఎటో ఒకవైపు తేలుద్ది."

ఆ పద్ధతి ఇలా ఉండేది. బుట్టకి వంద కాయలు. తిరువూరు మూడు గోల్స్ తేడాతో గానీ అంతకన్నా ఎక్కువతో గానీ గెలిస్తే బుట్ట పైచీటీ ఉన్నవాడిది. రెండుతో గెలిచినా, ఒకటితో గెలిచినా, ఓడినా కిందచీటీ ఉన్నవాడిది. ఇద్దరూ కాయలు వేస్తేనే బుట్ట నిండుతుంది. పైచీటీవాడు అరవై వేస్తే కిందచీటీవాడు నలభై వేస్తాడు. నెగ్గినవాడు నూరూ పట్టుకెళతాడు. కాయలే తేవాలని లేదు, ఆ రోజు కాయ ధర ఇచ్చినా సరే. కొన్న చీటీని ఆట మొదలయ్యేదాకా ఎవరికైనా అమ్ముకోవచ్చు. కాబట్టి పైచీటీ అరవై పలుకుతోందంటే, తిరువూరు మూడు గోల్స్ తేడాతో గెలుస్తుందని జనం నూటికి అరవై పాళ్ళు నమ్ముతున్నారన్నమాట. మంచి ఆటగాడికి జ్వరమంటే ధర పడిపోయేది, తగ్గిందంటే లేచేది. ఆ ధర నువ్వే పెడతావా అని అడిగితే, "నేనెవర్నండి పెట్టడానికి, నలుగురూ కూడితే అదే కూర్చుంటుంది" అన్నాడు.

"ఇది జూదం పుల్లయ్యా," అన్నాను.

"పూత మీద తోట కొనడం ఏంటండి మరి?" అన్నాడు. గీత దాటి లోపలికి రావద్దని మాత్రం హెచ్చరించి వచ్చేశాను.

ఫైనల్స్ సోమవారం సాయంత్రం, తిరువూరుకీ పెనుగొలనుకీ. తిరువూరు కెప్టెన్ జోజి. కరెంటాఫీసులో దినకూలీ మీద స్తంభాలెక్కే కుర్రాడు, కాళ్ళలో ఉక్కు ఉందనేవాళ్ళు. పెనుగొలను గోల్‌కీపర్ రాయప్ప, పొడుగ్గా ఉండే నెమ్మదస్తుడు. శనివారం సాయంత్రానికి పైచీటీ అరవై దగ్గర నిలకడగా ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి ముప్పై అయిదుకి పడిపోయింది. పుల్లయ్య సంబరానికి అంతులేదు.

"పిచ్చిజనం మాస్టారూ! జోజికి జ్వరం లేదు, కాలు బెణకలేదు, నేనే వెళ్ళి చూసొచ్చాను. అరవై సరుకు ముప్పై అయిదుకి వస్తుంటే కొననోడు వ్యాపారస్తుడేంటండి?" అన్నాడు. వచ్చిన పైచీటీలన్నీ అతనే కొనేశాడు.

ఆట మొదలైంది. హాఫ్ టైంకి తిరువూరు రెండు, పెనుగొలను సున్నా. రెండూ జోజి కొట్టినవే. రెండో సగంలో మాత్రం వేరే జోజి ఆడుతున్నట్టనిపించింది. రిఫరీ బంతి వెంటే పరిగెడతాడు కాబట్టి బయటివాళ్ళకి కనిపించనివి కనిపిస్తాయి. గోల్ ముందు ఖాళీ దొరికినా జోజి బంతిని పక్కవాడికి తోసేస్తున్నాడు. ఆఖరి నిమిషాల్లో పెనుగొలను కుర్రాడొకడు కంగారులో బంతిని చేత్తో ఆపాడు. అది గోల్‌కి దగ్గర్లో, పెనాల్టీ గీతల లోపల జరిగింది. నేను విజిల్ ఊది పెనాల్టీ ఇచ్చాను. అంటే కొట్టేవాడికీ గోల్‌కీపర్‌కీ మధ్య ఇంకెవరూ ఉండరు, సగటు ఆటగాడు కూడా గోల్ చేస్తాడు. చింతచెట్టు కింద పుల్లయ్య లేచి నిలబడ్డాడు.

జోజి బంతి పెట్టాడు, వెనక్కి నడిచాడు, వచ్చి తన్నాడు. తన్నాడనడం కూడా ఎక్కువే. చంటిపిల్లకి దొర్లించినట్టు దొర్లించాడు. రాయప్ప వంగి రెండు చేతుల్తో ఎత్తుకున్నాడు. మరి కాసేపటికి ఆట ముగిసింది. తిరువూరు ఆ రెండు గోల్స్‌తోనే గెలిచింది, కప్పు తీసుకుంది. కానీ గెలిచిన జట్టు వైపు చప్పట్లు లేవు.

"అమ్ముడుపోయాడు! ఆట అమ్ముకున్నాడు!" అని పుల్లయ్య గ్రౌండు మధ్యకి వచ్చి అరిచాడు. గీత దాటాడని కూడా నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు మండింది. అంత బాహాటంగా పెనాల్టీ పారేసినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. మర్నాడు స్కూలు వరండాలో పుల్లయ్య తన వాదన వినిపించాడు. ఆదివారమే ధర పడిపోయిందంటే సోమవారం ఏం జరగబోతోందో ఎవడికో ముందే తెలుసు. ముందే తెలిసిందంటే ముందే బేరం కుదిరింది. ఆ వాదనలో నాకు లోపం కనబడలేదు. పోటీల కమిటీ నన్ను శనివారంలోగా చెప్పమంది, ఆట నిజాయితీగా జరిగిందా లేదా అని. లేదంటే జోజిని ఇకమీదట ఆడనివ్వరు.

గురువారం పొద్దున చిన్నప్ప గారని పెనుగొలను ఎలిమెంటరీ స్కూలు మాస్టారు బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రాయప్ప మా పెద్దాడండి. మా అమ్మాయి తెరేజమ్మని ఆ జోజికే ఇస్తున్నాం. పది రోజులైంది మాట అనుకుని," అన్నారు.

నాకు ఆ సంగతి తెలియదు. ఆయన చెప్పుకుంటూ పోయారు. క్రైస్తవుల్లో పెళ్ళి కుదిరాక చర్చిలో వరసగా మూడు ఆదివారాలు చాటింపు వేస్తారట. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అడ్డంకి తెలిస్తే చెప్పండి అని ఫాదరు గారు అందరి ముందూ అడుగుతారట.

"ఈ ఆదివారం రెండో చాటింపండి. మా తమ్ముడు లేచి నిలబడతానంటున్నాడు. ఆట అమ్ముకున్నోడు రేపు ఆలిని అమ్ముకోడా అంటన్నాడు. ఫాదరు గారేమో అది అడ్డంకి కిందికి రాదన్నారు. రాకపోతే మాత్రం? చర్చిలో నలుగురి మధ్య ఓ మాట పడ్డాక అది కడిగినా పోదు కదండీ. పిల్ల అన్నం ముట్టడం లేదు." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "ఆ బంతి పక్కనే ఉన్నది మీరు. వాడు అమ్ముకున్నాడంటే సంబంధం ఇక్కడితో ఆపేస్తాం. కాదంటే చెప్పండి, మా తమ్ముడి కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను."

ఆరేళ్ళుగా నేను ఆఫ్‌సైడ్ అవునో కాదో చెప్పాను, బంతి గీత దాటిందో లేదో చెప్పాను. ఒక ఆడపిల్ల పెళ్ళి అవునో కాదో చెప్పమని నన్నెవరూ అడగలేదు. నాకు భయం వేసింది.

"మొదటి చాటింపు ఎప్పుడైందన్నారు?" అని అడిగాను.

"మొన్న ఆదివారమేనండి, పొద్దున పూజలో. మా ఊళ్ళోనూ వేశారు, ఇక్కడ తిరువూరు చర్చిలోనూ వేశారు."

పైచీటీ పడిపోయింది ఆ ఆదివారమే. శనివారం రమ్మని చెప్పి ఆయన్ని బస్సెక్కించి, నేను కరెంటాఫీసుకి వెళ్ళాను. జోజి తాడు చుట్టుకుంటున్నాడు. పక్కకి పిలిచి సూటిగానే అడిగాను, పెనాల్టీ కావాలనే అలా కొట్టావా అని.

"అవునండి," అన్నాడు. కాదంటాడనుకున్నాను. కాలు జారిందనో బంతి తిరిగిందనో అంటాడనుకున్నాను.

"ఎవరైనా ఏమైనా ఇస్తామన్నారా?"

"లేదండి. అప్పటికే గెలిచేశాం కదండీ. పెనుగొలను జనమంతా బళ్ళు కట్టుకుని వచ్చారు. రాయప్పని ఊరందరి ముందూ రెండుసార్లు బోర్లా పడేశాను. రేపు ఆ ఇంట్లో నేను అల్లుడిగా పీట మీద కూర్చుని అన్నం తినాలి. ఇంక చాలనిపించింది సార్."

"పుల్లయ్య చీటీల సంగతి నీకు తెలీదా?"

"తెలుసండి. తెలీనోళ్ళెవరు? అది ఆయన ఆటండి, నా ఆట కాదు కదా."

శనివారం స్కూల్లో కూర్చున్నాం. కమిటీ పెద్దలు, పుల్లయ్య, జోజి, చిన్నప్ప గారు, ఆయన తమ్ముడు. ఆ తమ్ముడు మీసం మీద చెయ్యి తియ్యని మనిషి. నేను ముందు పుల్లయ్యనే అడిగాను.

"ఆదివారం కిందచీటీలు ఎగబడి కొన్నది ఎవరు? ఒకడేనా?"

"ఒకడేంటండి, చాలామంది. తలా ఓ చీటీ. కొందరైతే నలుగురు కలిసి ఒకటి."

"ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున కాస్త ఎండెక్కాక."

"పనిలోంచి వచ్చినట్టున్నారా?"

"లేదండి, శుభ్రంగా తెల్లబట్టలు కట్టుకుని, ఆడోళ్ళు పూలు పెట్టుకుని..." పుల్లయ్య అక్కడ ఆగిపోయాడు. నా ముఖం వైపూ జోజి ముఖం వైపూ చూశాడు.

"చర్చిలోంచి వచ్చారు," అన్నాను. "ఆ పొద్దున ఫాదరు గారు చాటింపు వేశారు, తిరువూరు కెప్టెన్‌కీ పెనుగొలను గోల్‌కీపర్ చెల్లెలికీ పెళ్ళని. విన్నవాళ్ళంతా ఎవరికి వారే అనుకున్నారు, అత్తవారి ఊరిని ఎవడు చితక్కొడతాడని. ఒక్కడు ఆటని కొనుక్కుంటే ఆ సంగతి దాచుకుని చీటీలన్నీ తనే కొంటాడు. ఇంతమంది తలా ఒకటి కొన్నారంటే అది రహస్యం కాదు పుల్లయ్యా, చాటింపు వేసిన సంగతి. తెలియనిది నీకూ నాకూ."

పుల్లయ్య అడిగాడు, "సరేనండి, ఎవరూ కొనలేదు. కానీ కావాలనే గోల్ కొట్టకుండా వదిలేశాడా లేదా? అమ్మితే ఏంటి, ఊరికే ఇస్తే ఏంటి, నా కాయలు పోయాయి."

అది న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. "ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్ళు గెలిచినట్టని ఈ ఆట నియమం. ఎంత ఎక్కువని ఎక్కడా లేదు. తిరువూరు గెలవాలి, గెలిచింది. మూడో గోల్ జోజి ఎవరికి బాకీ? కప్పు పట్టుకెళ్ళిన తన జట్టుకి కాదు. ఓడిపోయిన పెనుగొలనుకి అసలే కాదు. అతనికి చెప్పకుండా ఆ బాకీ అతని నెత్తిన రాసింది నువ్వు."

కమిటీ నా మాట ఒప్పుకుంది. చిన్నప్ప గారి తమ్ముడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "మాస్టారు మంచోడు, ఎవరి మీదా చెడు చెప్పడు. నష్టపోయిన పుల్లయ్య నోటితో చెబితే నమ్ముతాను. లేకపోతే రేపు లేస్తాను," అన్నాడు. అందరం పుల్లయ్య వైపు చూశాం. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బస్సులో పెనుగొలను వెళ్ళాను. నేను చర్చిలో అడుగుపెట్టడం అదే మొదలు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక పక్కవాణ్ణి చూసి చేస్తున్నాను. కవాతు నేర్పేవాడికి ఆ గతి పట్టిందని లోపల నవ్వొచ్చింది గానీ, ముందు వరసలో ఆ తమ్ముడి వీపు కనిపించగానే నవ్వు పోయింది. పూజ సగంలో ఉండగా గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. పుల్లయ్య వచ్చి వెనక గోడనానుకుని చతికిలబడ్డాడు.

ఫాదరు గారు కాగితం తీసి జోజి పేరు, తెరేజమ్మ పేరు చదివారు. ఇది రెండో చాటింపన్నారు. అడ్డంకి తెలిసినవారు చెప్పవలసిందన్నారు. ఆ తమ్ముడు కూర్చున్నచోట నుంచే వెనక్కి తిరిగి పుల్లయ్యని చూశాడు. అతనితో పాటు ఊరంతా తిరిగి చూసింది. పుల్లయ్య లేచాడు.

"నేను మీ చర్చి మనిషిని కాదండి. మామిడికాయల పుల్లయ్యని, విస్సన్నపేట. ఈ పిల్లోడి మీద ఓ మాట అరిచాను. అది తప్పండి. వాడు ఆట అమ్మలేదు. నేను పూత చూశాను గానీ గాలి చూడలేదు." అంతే, మళ్ళీ కూర్చున్నాడు.

తమ్ముడు ముందుకి తిరిగాడు. లేవలేదు. ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కి ఏడవడం వినిపించింది, తెరేజమ్మేనని తర్వాత తెలిసింది. ఆ రోజు పుల్లయ్య మీద నాకు కలిగినంత గౌరవం మా హెడ్మాస్టారు మీద కూడా ఎప్పుడూ కలగలేదు. నష్టపోయినవాడు నష్టం దిగమింగి నలుగురిలో నిజం చెప్పడం చిన్న పని కాదు.

బయటికొచ్చాక అడిగాను, నిన్ననే ఆ మాట ఎందుకు అనలేదని.

"అరిచింది నలుగురిలో కదండీ, దిద్దుకోవడం నాలుగ్గోడల మధ్య ఏంటండి?" అన్నాడు. కాస్త నడిచాక గొంతు తగ్గించి, "పైగా మాస్టారూ, ఇకమీదట ఆదివారం ఆదివారం రావాలనుకుంటన్నాను. ధరలు ఇక్కడే తెలుస్తున్నాయి," అన్నాడు.

తర్వాత చాలా ఏళ్ళు విజిల్ ఊదాను. ఎవరు గెలుస్తారని అడిగితే నా లెక్క నేను చెప్పేవాణ్ణి, ఎంతతో గెలుస్తారని అడిగితే మాత్రం నోరు మూసుకునేవాణ్ణి. గెలుపు ఆటలో తేలుతుంది. ఎంతతో అన్నది ఆడేవాడి మనసు మీద కూడా ఉంటుంది, దాని మీద ధర కడితే మనిషి మంచితనం కూడా దొంగతనంలా కనిపిస్తుంది. అలాగని ఆ ధరని నేను తక్కువ చెయ్యను. ముప్పై అయిదు అన్న ధరకి తెలిసినంత విజిల్ పట్టుకున్న నాకు తెలియలేదు. కాకపోతే ఏం జరగబోతోందో అది చెప్పగలదు, ఎందుకో చెప్పలేదు. అది కావాలంటే మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి అడగాల్సిందే.

మూడో చాటింపు కూడా అయ్యాక పెళ్ళి జరిగింది. నేనూ మా ఆవిడా వెళ్ళాం. భోజనాల వేళకి పుల్లయ్య రసాల బుట్ట ఒకటి మోయించుకొచ్చి పందిట్లో దింపించాడు. రాయప్ప అందరూ వినేలా లెక్కపెట్టాడు. నూరు పళ్ళు. బుట్టలో పరిచిన ఆకు ఎత్తి చూస్తే అడుగున కొసరుగా ఇంకో రెండు పళ్ళు, వాటి పక్కన నిలువునా కోసిన సగం పండు.

"మిగతా సగం ఏదండీ?" అని జోజి అడిగాడు.

పుల్లయ్య తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.